ఎంజైమ్‌లున్న సబ్బుపొడి: ఏళ్ల తరబడి వాడిన అనుభవం

మా ఇంట్లో బట్టలు ఉతకడానికి చాలా ఏళ్లుగా ఎంజైమ్‌లు కలిపిన డిటర్జెంట్ పొడే వాడుతున్నాం. పిల్లల యూనిఫాంలు, మా అత్తగారి నేత చీరలు, వంటింటి గుడ్డలు అన్నీ దానిలోనే నానుతాయి. నాకు ఇది ఎంతో నచ్చింది. అయితే ఎంజైమ్ పనిచేసే తీరు తెలియకపోతే మామూలు పొడికీ దీనికీ తేడా కనిపించదు, పెట్టిన డబ్బు వృథా అవుతుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

సబ్బు జిడ్డును బట్ట నుంచి లేపి నీళ్లలోకి తీసుకుపోతుంది. ఎంజైమ్ మాత్రం మరకలోని పెద్ద అణువులను చిన్న ముక్కలుగా తెంచుతుంది, ఆ ముక్కలు నీటితో కొట్టుకుపోతాయి. ఒక్కో ఎంజైమ్‌కు ఒక్కో పని. రక్తం, గుడ్డు, పాలు, చెమట వంటి ప్రొటీన్ మరకలు ప్రోటియేజ్ వంతు. అన్నం, గంజి, పిండి అమైలేజ్ వంతు. నూనె, నెయ్యి లైపేజ్ చూసుకుంటుంది. తాళానికి దాని చెవి మాత్రమే పట్టినట్టు, ఆకారం కుదిరిన పదార్థం మీదే ఎంజైమ్ పనిచేస్తుందని జర్మన్ శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ 1894లోనే చెప్పాడు. ఒక అణువును తెంచాక ఎంజైమ్ ఖర్చైపోదు, మరో అణువును పట్టుకుంటుంది. పొడిలో వాటి వాటా అతి తక్కువైనా ఇంత ఫలితం రావడానికి కారణం అదే.

దీని సత్తా చూడాలంటే రక్తపు మరకను మించినది లేదు. మా అబ్బాయి ఆటల్లో మోకాలు చెక్కుకుపోయి తెల్ల ప్యాంటుతో ఇంటికి వస్తుంటాడు. ముందు చన్నీళ్లలో జాడిస్తాను. వేడినీళ్లు పోస్తే రక్తంలోని ప్రొటీన్ గట్టిపడి దారాలకు అతుక్కుపోతుంది. తరువాత గోరువెచ్చని నీళ్లలో పొడి కరిగించి ప్యాంటు నానబెడతాను. కాసేపటికి చూస్తే అంచులు మాత్రమే పలచబడి ఉంటాయి, మధ్యలో ముదురు గోధుమ రంగు అలాగే ఉంటుంది. ఇక్కడే చాలామంది తొందరపడి బ్రష్ అందుకుంటారు. ఇంకో గంట వదిలేస్తే మధ్యభాగం కూడా లేత నీడలా మారుతుంది, ఆపైన బొటనవేలితో రుద్దితే చాలు. మొండి మరకైతే రాత్రంతా నాననిస్తాను. మెషిన్‌లో పావుగంటలో ముగిసే ఉతుకు పెట్టి ఎంజైమ్ పొడి పనిచేయడం లేదంటే అది పొడి తప్పు కాదు. నా లెక్కలో పొడి పెంచడం కన్నా సమయం పెంచడమే మేలు.

తరువాత చూడాల్సింది వేడి. ఒక హద్దు వరకు ప్రతి 10 డిగ్రీలకు ఎంజైమ్ వేగం సుమారు రెట్టింపవుతుంది. చలికాలంలో కుళాయి నీళ్లతో ఉతికితే పని మందగించేది అందుకే. హద్దు దాటితే కథ తిరగబడుతుంది. ఎంజైమ్ కూడా ప్రొటీనే కదా, మరిగే నీళ్లలో దాని మడతలు విడిపోయి ఆకారం చెడుతుంది. ఆకారం పోయాక పనీ పోతుంది. నేను 40 డిగ్రీల దగ్గరే ఆగుతాను.

ఆమ్లం, క్షారం సంగతి కూడా అంతే ముఖ్యం. మన కడుపులోని పెప్సిన్ అనే ఎంజైమ్ గాఢ ఆమ్లంలో చురుగ్గా ఉంటుంది. బట్టల పొడి నీళ్లలో కరిగితే క్షారమవుతుంది. 1913లో జర్మన్ రసాయనవేత్త ఒట్టో రోమ్ జంతువుల క్లోమగ్రంథి ఎంజైమ్‌లతో బట్టలు ఉతికే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు గానీ, అంత క్షారంలో అవి నిలదొక్కుకోలేకపోయాయి. ఇప్పుడు వాడేవి ప్రధానంగా బాసిల్లస్ జాతి బ్యాక్టీరియా నుంచి వచ్చినవి, పిహెచ్ 9, 10 దగ్గర, అంటే బాగా క్షారమైన నీళ్లలో కూడా హాయిగా పనిచేస్తాయి. అందుకని నానబెట్టిన బకెట్‌లో నిమ్మరసమో వెనిగరో పోయకండి. క్లోరిన్ బ్లీచ్ అసలే వద్దు, అది ఎంజైమ్‌నే పాడుచేస్తుంది.

ఇక దీనికి చేతకాని పని పసుపు. సాంబారు ఒలికిన చొక్కాను నానబెట్టి ఉతికితే పప్పు, నూనె పూర్తిగా పోతాయి, పసుపు రంగు మిగులుతుంది. పసుపుకు ఆ రంగునిచ్చే కర్కుమిన్ ప్రొటీనూ కాదు, పిండీ కాదు, నూనే కాదు. పైగా సబ్బు క్షారానికి ఎర్రబడి భయపెడుతుంది. దానికి మందు ఎండ. తడి చొక్కాను మంచి ఎండలో ఆరేస్తే రంగు వెలిసిపోతుంది. టీ మరకలకూ ఈ ఎంజైమ్‌ల మీద ఆశ పెట్టుకోవద్దు.

పట్టుచీరలు, ఉన్ని శాలువాలు ఈ పొడిలో వేయకండి, దయచేసి. పట్టు, ఉన్ని రెండూ ప్రొటీన్లే. ప్రోటియేజ్‌కు మరక ఏదో, పోగు ఏదో తెలియదు. నూలు చీరలకు ఆ భయం లేదు గానీ, అమైలేజ్ గంజిని కరిగించేస్తుంది కనుక ప్రతి ఉతుకు తరువాతా మళ్లీ గంజి పెట్టాల్సిందే. మా అత్తగారికి దీని మీద ఉన్న ఫిర్యాదు అదొక్కటే. సెల్యులేజ్ కూడా ఉన్న రకమైతే నూలు బట్ట మీద లేచే సన్నని నూగును తెంచి రంగును తేటగా ఉంచుతుంది. పాత చీరల మీద నాకు ఆ తేడా బాగా కనిపించింది.

నిల్వ విషయంలో తేమ పెద్ద శత్రువు. వానాకాలంలో ప్యాకెట్ తెరిచి ఉంచితే పొడి గడ్డకట్టి, మరకల మీద పట్టు తగ్గుతుంది. బిగుతైన మూతున్న డబ్బాలో పోసి, ఎండ తగలని చోట పెట్టండి. పొడిని ఎగరేయకండి, ఎంజైమ్ ధూళి కొందరికి ఉబ్బసం తెస్తుంది. 1960ల చివర్లో కర్మాగారాల కార్మికులు అలా జబ్బుపడిన తరువాతే ఎంజైమ్‌లకు పూత పూసి గుళికలుగా కలపడం మొదలైంది. పసిపిల్లల బట్టలను మరో నీళ్లలో జాడించండి.

నాకున్న అసంతృప్తి ఒక్కటే. నేను వాడిన కొన్ని ప్యాకెట్ల మీద ‘ఎంజైమ్‌లు ఉన్నాయి’ అని మాత్రమే రాసి ఉంది, ఏవో చెప్పలేదు. ఆ పేర్లు తెలిస్తేనే కదా మన ఇంటి మరకలకు ఏది సరిపోతుందో తేల్చుకునేది! పేర్లు విడిగా అచ్చువేసిన రకం దొరికితే నేను నాలుగు రూపాయలు ఎక్కువైనా దాన్నే తీసుకుంటాను. పిల్లలున్న ఇళ్లకు, చేతులతో ఉతికేవారికి ఇది తప్పక కొనమంటాను. బట్టలు గంటసేపు నానబెట్టే వీలు లేనివారికి మాత్రం మామూలు పొడి చాలు.