చీరల షాపుకి వూకామర్స్ ఫిల్టర్లు: ఉచితంగా వచ్చేవి సరిపోతాయా?

షాపులో చీరలు రెండొందలు దాటాక ఫిల్టర్ లేకపోతే కస్టమర్ నాలుగు పేజీలు చూసి వెళ్లిపోతారు. వర్డ్‌ప్రెస్ సైట్‌ని ఆన్‌లైన్ షాపుగా మార్చే ప్లగిన్ వూకామర్స్. ఫిల్టర్ల కోసం పెయిడ్ ప్లగిన్ కొనేముందు వూకామర్స్‌తోపాటే వచ్చే ప్రోడక్ట్ ఫిల్టర్స్ బ్లాక్‌ని సరిగ్గా సెట్ చేసి చూడండి. ధర స్లైడర్ ఒక్కటి పక్కన పెడితే, మామూలు షాపుకి అది చాలు.

బ్లాక్ వేయడం ఐదు నిమిషాల పని. అప్పియరెన్స్, ఎడిటర్, టెంప్లేట్స్, అందులో ప్రోడక్ట్ క్యాటలాగ్. కేటగిరీ పేజీలకు వేరే టెంప్లేట్ వాడుతుంటే అందులోనూ వేయాలి. అసలు చాకిరీ అంతా యాట్రిబ్యూట్ల దగ్గర, అంటే రంగు, బట్ట లాంటి లక్షణాల దగ్గర.

చీర ఎడిట్ పేజీలో అప్పటికప్పుడు టైప్ చేసిన కస్టమ్ యాట్రిబ్యూట్ ఆ చీర వివరాల్లో కనిపిస్తుంది గానీ ఫిల్టర్‌లోకి రాదు. ప్రోడక్ట్స్ మెనూ కింద యాట్రిబ్యూట్స్‌లో గ్లోబల్‌గా (షాపు మొత్తానికీ ఉమ్మడిగా) చేసినవే వస్తాయి. సీఎస్‌వీ (ఎక్సెల్ లాంటి పట్టిక ఫైలు)తో సరుకు ఎక్కించేవాళ్లకు దెబ్బ తగిలేది ఇక్కడే: 'యాట్రిబ్యూట్ 1 గ్లోబల్' కాలమ్‌లో 1 ఉండాలి. 0 పడిందా, ఎక్కించిన చీరలన్నీ కస్టమ్ కిందికి పోయి ఫిల్టర్ ఖాళీగా ఉంటుంది. పేర్లు తెలుగులో పెట్టుకోండి, స్లగ్ (లింకులో వాడే పేరు) మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచండి. యాట్రిబ్యూట్ స్లగ్ పరిమితి 28 బైట్లు. తెలుగులో అక్షరం, గుణింతం గుర్తు ఒక్కొక్కటీ 3 బైట్లు తింటాయి కాబట్టి చిన్న పేరుకే ఎర్రర్ వస్తుంది.

ఇక ఏయే యాట్రిబ్యూట్లు? గద్వాల చీరనే తీసుకోండి: బాడీ నూలు, అంచూ కొంగూ పట్టు. 'ఫ్యాబ్రిక్' అని ఒక్కటే పెట్టి రెండు విలువలూ ఇస్తే, 'పట్టు' నొక్కినవాళ్లకు నూలు చీర కనిపిస్తుంది, ఆ తర్వాత రిటర్న్ గొడవ. బాడీ ఫ్యాబ్రిక్, అంచు ఫ్యాబ్రిక్ విడిగా పెట్టండి. రంగుకీ అంతే. ఆకుపచ్చ చీరకు ఎర్రంచు వేరు, ఎర్రచీరకు ఆకుపచ్చ అంచు వేరు. నేతకు ఇంకొకటి: ఉప్పాడ, మంగళగిరి, వెంకటగిరి, పోచంపల్లి. ఒకే యాట్రిబ్యూట్‌లోని విలువల మధ్య లాజిక్ 'ఎనీ'లో ఉంచండి. 'ఆల్' పెడితే, బాడీ రంగులో ఎరుపు, పసుపు రెండూ టిక్ చేసినవాళ్లకు దాదాపు ఏమీ మిగలదు.

రంగుల పేర్లు అదుపులో లేకపోతే మెరూన్, మరూన్ రెండు టిక్ బాక్సులవుతాయి. షాపిఫై (వూకామర్స్ లాంటి మరో ఆన్‌లైన్ షాపు వేదిక) వాళ్ల సెర్చ్ అండ్ డిస్కవరీ యాప్‌లో ఇలాంటివి ఒక గ్రూపు కింద కలపొచ్చు. వూకామర్స్‌లో ఆ సౌకర్యం లేదు. కాబట్టి ఫిల్టర్‌కి పన్నెండు రంగులే ఉంచి, రామా గ్రీన్, నెమలి కంఠం లాంటివి చీర టైటిల్‌లో రాయండి.

చేనేతలో చాలావరకు సింగిల్ పీసులే, అందుకని ఇన్వెంటరీ సెట్టింగ్స్‌లో స్టాక్ అయిపోయినవి దాచే ఆప్షన్ టిక్ చేయాల్సిందే. రెడీమేడ్ బ్లౌజులు కూడా అమ్ముతుంటే ప్రోడక్ట్స్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లో లుకప్ టేబుల్ (ఏ యాట్రిబ్యూట్‌తో ఏ సరుకు స్టాక్‌లో ఉందో రాసుకునే పట్టిక) వాడకం ఆన్‌లో ఉందో లేదో చూడండి. లేకపోతే 38 సైజు అయిపోయిన బ్లౌజు కూడా 38 ఫిల్టర్‌లో వచ్చి కూర్చుంటుంది. ఇంపోర్ట్ తర్వాత లెక్కలు తేడాగా కనిపిస్తే స్టేటస్, టూల్స్‌లో ఆ టేబుల్‌ని రీజెనరేట్ చేయండి.

ధర స్లైడర్ మాత్రం నిరాశే. 85,000 పెళ్లిపట్టు ఒక్కటి ఉంటే చాలు, 1,500 నుంచి 4,000 మధ్య వెతికేవాళ్లకు దొరికేది గీతలో మూడు శాతం కూడా ఉండదు. ఫోన్ మీద వేలు అక్కడ నిలవదు. పెళ్లిచీరలు వేరే కేటగిరీలో పెడితే మిగతా కేటగిరీల్లో గీత సర్దుకుంటుంది. మెయిన్ షాప్ పేజీలో ఆ ఉపాయం సాగదు కాబట్టి అక్కడ అంకెలు టైప్ చేసే పెట్టెలు ఆన్‌లో ఉంచండి.