మెదడులో ఏవీఎం: ఆపరేషనా, గామా నైఫా?

మెదడులో ధమనులు నేరుగా సిరలతో కలిసి ఉండచుట్టుకుంటే అది ఏవీఎం. చిట్లే ముప్పు ఏడాదికి సుమారు 2–4 శాతం. ఒకసారి చిట్లితే ఇంకా ఎక్కువ.

ఆపరేషన్‌లో పుర్రె తెరిచి, ముందు రక్తం తెచ్చే ధమనులను ఒక్కొక్కటిగా మూస్తారు. తీసుకెళ్లే పెద్ద సిరను కోసేది ఆఖర్నే. ఈ వరస తప్పితే చిక్కు ఉబ్బి టేబుల్ మీదే చిట్లొచ్చు. అయితే పూర్తిగా తీసేస్తే ముప్పు అక్కడితో పోయినట్టే. 3 సెంటీమీటర్ల లోపుండి, పైపైన, మాటకూ కదలికకూ సంబంధం లేని చోట ఉంటే నా మొగ్గు దీనికే.

గామా నైఫ్‌లో కత్తి పేరులోనే ఉంది, కోత ఉండదు. తలకు ఫ్రేమ్ బిగించి, దాదాపు 200 సన్నని గామా కిరణాలను ఆ చిక్కు మీదికే గురిపెడతారు. మామూలుగా అదే రోజో, మర్నాడో ఇంటికి పంపేస్తారు. అసలు టెన్షన్ ఆ తర్వాతే: నాళాలు మూసుకోవడానికి 2–3 ఏళ్లు పడుతుంది, అందాకా చిట్లే ముప్పు పోదు. లోతులో ఉన్న చిన్నవాటికి ఇదే నయం. పెద్దవాటికి అంతగా పనిచేయదు.

ఇంతవరకూ చిట్లనివాళ్లు మాత్రం తొందరపడక్కర్లేదు. చిట్లని ఏవీఎంల మీద జరిగి 2014లో వెలువడిన అరుబా అధ్యయనంలో, ఆపరేషన్‌ లాంటి చికిత్సలకు వెళ్లినవాళ్లకంటే మందులతోనే సరిపెట్టినవాళ్లలో పక్షవాతం, మరణాలు తక్కువ కనిపించాయి. కాకపోతే వాళ్లను గమనించింది సగటున మూడేళ్లలోపే. పాతికేళ్ల కుర్రాడికి ఆ లెక్క చాలదు.