చిన్న క్రిప్టో ఛానెల్: రోజంతా మార్కెట్ వెంట పడటమా, ఆదివారం రాసి పెట్టుకోవడమా? ఏది మేలు?

ఉద్యోగం చేసుకుంటూ ఒక్కరే క్రిప్టో ఛానెల్ నడిపేవాళ్లు కొన్ని నెలలకే చేతులెత్తేస్తే అది బద్ధకం వల్ల కాదు. షేర్ మార్కెట్ మధ్యాహ్నం 3:30కి మూతపడుతుంది, బిట్‌కాయిన్‌కి ఆదివారం కూడా లేదు.

లైవ్ అప్‌డేట్లు ఇవ్వాలంటే ఏయే వేళల్లో మేలుకోవాలో చూడండి. క్రిప్టో ధరలను కదిపే అమెరికా ద్రవ్యోల్బణం లెక్కలు నెలకోసారి మన సాయంత్రం 6 గంటలకు వస్తాయి, చలికాలంలో 7కి. ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) వడ్డీ నిర్ణయం రాత్రి 11:30కి, చలికాలంలో 12:30కి. మరో అరగంటకు ఛైర్మన్ ప్రెస్‌మీట్. క్రిప్టో కొని అమ్మే చాలా ఎక్స్ఛేంజీల్లో డైలీ క్యాండిల్, అంటే చార్టులో ఒక రోజు ధరల లెక్క, ముగిసేది ఉదయం 5:30కి. ఇవన్నీ పట్టుకుంటే నిద్ర ముక్కలవుతుంది. పైగా ఈ పందెంలో మీరు తలపడేది జట్లు పెట్టుకుని నడిపే పెద్ద ఖాతాలతో. తొందరలో సరిచూడకుండా పెట్టిన ఒక్క పుకారుతో నమ్మకం పోతుంది.

అయినా లైవ్‌కి విలువ లేదనలేం. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ అనే మన దేశపు క్రిప్టో ఎక్స్ఛేంజీ వాలెట్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల క్రిప్టో దోచుకున్నారు. అలాంటి రోజున డబ్బు ఇరుక్కున్నవాళ్లకు తెలుగులో స్పష్టమైన వివరం వెంటనే కావాలి.

రెండో దారి: ఆదివారం మూడు గంటలు కూర్చుని నాలుగైదు పోస్టులు రాసి షెడ్యూల్ చేయడం. ఎక్స్‌లో, యూట్యూబ్‌లో షెడ్యూల్ సదుపాయం ఉంది. టెలిగ్రామ్‌లో పంపే బటన్ నొక్కి పట్టుకుంటే వస్తుంది. ఏం రాయాలంటే, ధరతో పని లేనివి. ఉదాహరణకు పన్ను: ఒక కాయిన్‌లో ₹50,000 లాభం, ఇంకోదాంట్లో ₹40,000 నష్టం వస్తే, మిగిలింది ₹10,000 కదా అనుకుంటారు. క్రిప్టోలో నష్టాన్ని లాభంలోంచి తీసేయనివ్వరు. మొత్తం ₹50,000 మీద 30 శాతం, అంటే ₹15,000, దానిపై 4 శాతం సెస్సు ₹600. ఈ ఒక్క పోస్టు రిటర్నులు వేసే నెలల్లో మళ్లీ మళ్లీ పనికొస్తుంది. సాయంత్రం పెట్టిన చార్టు తెల్లారేసరికి పాతబడిపోతుంది.

షెడ్యూల్‌తో తంటా ఒక్కటే: మార్కెట్ కుప్పకూలిన రోజున "క్రిప్టోలో తొలి అడుగు ఎలా" అన్న పోస్టు దానంతటదే వెళ్లిపోతుంది. డబ్బు పోగొట్టుకున్నవాళ్లకు అది పుండు మీద కారమే. అందుకే పోస్టులో ధర, "ఇప్పుడు", "ఈ వారం" లాంటి మాటలు ఉండకూడదు. పోస్టు వెళ్లడానికి ముందు ఒకసారి ధర చూసి, బిట్‌కాయిన్ పది శాతం పడి ఉంటే ఆపేయండి.

మనిషిని పోస్టుల కన్నా ఎక్కువగా పీల్చేది ఇన్‌బాక్స్. "అన్నా, ఇది కొనమంటారా?" అన్నదానికి విడివిడిగా జవాబు ఇవ్వొద్దు. "కొనమని, అమ్మమని చెప్పం, ఎవరికీ ముందుగా మెసేజ్ చేయం" అని ఛానెల్ పైన పిన్ చేసి పెట్టండి. మీ పేరు, ఫొటోతో మెసేజ్‌లు పంపే మోసగాళ్లను గుర్తుపట్టడానికీ అది పనికొస్తుంది. గ్రూపుంటే స్లో మోడ్ పెట్టండి, ఒక్కొక్కరు మెసేజ్‌కీ మెసేజ్‌కీ మధ్య కొంతసేపు ఆగాల్సి వస్తుంది.

ఒంటరిగా నడిపేవాళ్లకు మా ఓటు ఆదివారం పద్ధతికే, వారానికి ఒక్క లైవ్ కలుపుకుని. ద్రవ్యోల్బణం లెక్కలు వచ్చే వారంలో ఆ సాయంత్రమే అందుకు బాగుంటుంది, నిద్ర చెడదు. ట్రేడింగే వృత్తిగా ఎలాగూ స్క్రీన్ ముందుండేవాళ్లకు, రాత్రి వేళలు పంచుకునే ఇంకో అడ్మిన్ ఉన్నవాళ్లకు మాత్రం లైవే మేలు.