మానే ‘నిమ్మపండు’: ఒక ముద్రిత ప్రతిపై సమీక్ష

ఫ్రెంచ్ చిత్రకారుడు ఎడ్వార్డ్ మానే 1880లో వేసిన ‘నిమ్మపండు’ తైలవర్ణ చిత్రం పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. దాని ఎత్తు 14 సెంటీమీటర్లు, వెడల్పు 22 సెంటీమీటర్లు. రెండు అరచేతులు పక్కపక్కన పరిస్తే దాదాపుగా మరుగున పడిపోయేంత చిన్నది. నేను తెప్పించుకున్న ముద్రిత ప్రతి సరిగ్గా ఆ కొలతల్లోనే ఉంది. ఇదే చిత్రాన్ని గోడంత పెద్దదిగా కూడా అమ్ముతున్నారు గానీ, దగ్గరికి వెళ్లి వంగి చూడవలసిన బొమ్మను అంతగా సాగదీయడం నాకు సమంజసంగా తోచలేదు.

చిత్రంలో ఉన్నది నల్లటి పళ్లెం, దాని మీద ఒకే ఒక్క పండు, వెనుక ముదురు నేపథ్యం. పదిహేడవ శతాబ్దపు డచ్ చిత్రకారులు నిమ్మపండును వేసేటప్పుడు తరచుగా తొక్కను సగం ఒలిచి, బల్ల అంచు మీదుగా మెలికలు తిరిగేలా వేలాడదీసి, తమ చేతి నేర్పు చూపుకునేవారు. మానే ఇక్కడ కత్తి కూడా పెట్టలేదు. చూపు పోవడానికి వేరే చోటు లేకపోవడంతో, మొదట ఒకే రంగనిపించిన పసుపు నెమ్మదిగా విడివడి, వెలుగు పడినచోట తెలుపుకు దగ్గరగానూ, పళ్లేన్ని తాకేచోట మసకగానూ కనిపించడం మొదలవుతుంది. తొక్క గరుకుదనం కుంచె గీతల్లోనే తెలిసిపోతుంది. చివరి సంవత్సరాల్లో జబ్బుపడిన మానే చిన్న చిత్రాలు ఎక్కువగా వేశాడు, 1883లో మరణించాడు. ఆ సంగతి తెలిసి చూసినా ఈ పండు మీద జాలి కలగదు. గీతలో ఎక్కడా తడబాటు లేదు.

ఇక నా ముద్రిత ప్రతి సంగతికొస్తే, పసుపు రంగు చక్కగా కుదిరింది. నలుపు మాత్రం దెబ్బతింది: పళ్లెం అంచు నేపథ్యంలో కలిసిపోయి, సాయంత్రపు వెలుతురులో పండు గాలిలో తేలుతున్నట్టు అనిపిస్తుంది. మూలచిత్రంలో పండు బరువంతా మోసేది ఆ పళ్లెమే కాబట్టి ఇది చిన్న లోపం కాదు. ఫ్రేముకు బిగించిన అద్దం దీన్ని మరింత పాడుచేసింది; ముదురు భాగాల్లో పండుకన్నా ముందు నా ముఖమే కనబడేది. అద్దం తీసేశాక, మెరుపులేని ఆ కాగితం మీద పళ్లెం అంచు కొంతవరకు బయటపడింది. కొనదలచినవారు అద్దం లేకుండా ఇమ్మని అడగడం మంచిది. ప్రస్తుతం దీన్ని గోడకు తగిలించకుండా, చదువుకునే బల్ల మీద, కిటికీ వెలుగు పక్కనుంచి పడేచోట నిలబెట్టుకున్నాను.