జయపురంలో గోబ్లిన్ల గుహ: డంజన్స్ అండ్ డ్రాగన్స్ స్టార్టర్ సెట్

కోరాపుట్ జిల్లా జయపురంలోని మా ఇంట్లో, ఈ వేసవి సెలవులకు చేరిన పిల్లల కోసం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 2014 నాటి స్టార్టర్ సెట్ తెప్పించాను. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించగా 1974లో అమెరికాలో వెలువడిన ఈ ఆటలో వైకుంఠపాళిలా చేరవలసిన చివరి గడి ఉండదు. ఒకరు సూత్రధారిగా కథ నడుపుతుంటే మిగిలినవారు తలొక వీరుడి పాత్ర వహించి ఏమి చేయదలచుకున్నారో చెబుతారు. ఫలితం అనుమానంగా ఉన్నచోట పాచిక తేలుస్తుంది.

పెట్టెలో 32 పుటల నియమాల పుస్తకం, 64 పుటల సాహసగాథ, సిద్ధంగా తయారుచేసిన ఐదుగురు వీరుల పత్రాలు, నాలుగు ముఖాల దానినుంచి ఇరవై ముఖాల దానివరకు ఆరు పాచికలు ఉన్నాయి. నిలబెట్టే బొమ్మలు లేవు గాని, గచ్చు మీద సుద్దముక్కతో గుహ గీసి, వీరులకు గవ్వలు, గోబ్లిన్లనే పొట్టి రాక్షసులకు చింతపిక్కలు పెట్టుకున్నాక ఆ లోటు మాకు తెలియలేదు.

నా దృష్టిలో ఈ పెట్టెకు ప్రాణం మొదటి గుహే. లోపలినుంచి ఒక వాగు బయటికి పారుతుంటుంది. వాగుకు అవతల పొదల్లో కాపలాదారులు, ప్రవేశించగానే గొలుసులతో కట్టిన తోడేళ్లు, వాటి వెనుక నాయకుడి గదిలోకి ఎగబాకగల ఇరుకైన పగులు, పైన వంతెన మీద మరో కాపలా ఉంటాయి. ఆ వంతెన మీదివాడు చూశాడంటే, ఎగువన ఆపి ఉంచిన నీటిని వదిలేయిస్తాడు. శబరి ఒడ్డున గుప్తేశ్వరం గుహ చూసివచ్చిన పిల్లలకు చీకటిని, తడిరాతిని వర్ణించి చెప్పే పని నాకు లేకపోయింది. నీటి హోరులో తమ అడుగుల చప్పుడు వినపడదని వారే గ్రహించి, తోడేళ్లకు సంచిలోని తిండి వేసి, కత్తి దూయకుండా దాటిపోయారు.

రాక్షసులను చంపి గుహను ఖాళీ చేయడమే పని అనుకుని దిగిన పిల్లలను ఆపినది మాత్రం లోపలి గోబ్లిన్ ఒకడు పెట్టిన షరతు: తమ నాయకుడైన క్లార్గ్ తల తెచ్చిస్తే, తన చేతిలో ఉన్న బందీని వదులుతానంటాడు. ఒక గోబ్లిన్ మాట నమ్మవచ్చునా అని మా మేనల్లుడు తెలుగులోను, పక్కింటి అబ్బాయి ఆవేశం వచ్చినప్పుడల్లా ఒడియాలోను అరగంట వాదించుకున్నారు. ఆ అరగంట కోసమైనా ఈ పెట్టె కొనవచ్చునని నా నమ్మకం. ఒప్పందం ఎలా ముగుస్తుందో ఆడబోయేవారి కోసం చెప్పడం లేదు.

కొత్త సూత్రధారి ఒక విషయంలో జాగ్రత్తపడాలి. గోబ్లిన్ ప్రాణబలం, అంటే పడిపోకముందు ఓర్చుకోగల దెబ్బల మొత్తం, 7 మాత్రమే అయినా, దాని దెబ్బ 8 వరకు తగలవచ్చు గనుక, మొదటి స్థాయి వీరుడు ఒక్క వేటుకే కూలిపోగలడు. గుహకు చేరకముందే అడవిదారిలో పొంచి ఉన్న నలుగురిచేత నేను ఒకేసారి బాణాలు వేయించడం వల్ల ఇద్దరు వీరులు పడిపోయారు; అది నా తొందరపాటు. పడినవాడు వెంటనే చనిపోడు: ఇరవై ముఖాల పాచికలో 10 గాని అంతకు మించి గాని పడితే గెలుపు, తక్కువైతే ఓటమి, మూడు ఓటములకు ముందే మూడు గెలుపులు రావాలి. మేము దీనికి గండం పాచిక అని పేరు పెట్టుకున్నాం.

మాకు వచ్చిన పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నందువల్ల, ముందురోజే చదివి తెలుగులో నోటుపుస్తకంలో రాసుకోకపోతే కథ మధ్యలో ఆగి పిల్లల ఉత్సాహం చల్లారిపోతుంది. నలుగురైదుగురు పిల్లలు చేరే ఇంటికి, ఆ శ్రమకు ఓపిక ఉన్న పెద్దవారు ఒకరుంటే, తప్పక కొనమంటాను. ఇంకొక జత పాచికలు కూడా తెప్పించుకోండి. ఉన్న ఒక్క ఇరవై ముఖాల పాచిక అయిదుగురి చేతులు మారుతుంటే పోరు సగంలో ఉండగానే భోజనాల వేళ అవుతోంది.