నింజా విద్య తెలియాలంటే: బన్సెన్‌షూకాయినా, షోనింకినా, డోజోనా?

మా మేనల్లుడికి ఇరవై రెండేళ్లు. ఈమధ్య నింజా పిచ్చి పట్టుకుంది. "మావయ్యా, డోజోలో చేరనా, పుస్తకాలు చదవనా?" అని అడిగాడు. డోజో అంటే జపాన్ యుద్ధవిద్యలు నేర్పే బడి. "నీకు కొట్లాట రావాలా, లేక నింజాలు ఏం చేసేవాళ్లో తెలియాలా?" అన్నాను. రెండూ ఒకటే కదా అన్నాడు. కావు. చిక్కంతా అక్కడే ఉంది.

నింజా అన్న మాట ఇంతగా వాడుకలోకి వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే. అంతకుముందు ఎక్కువగా వినిపించే పేరు షినోబి. మన పాత మాటలో వేగులవాడు. శత్రువు కోటలోకి దూరడం, చూసింది గుర్తుపెట్టుకోవడం, అవసరమైతే నిప్పు పెట్టడం, ప్రాణాలతో తిరిగొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పడం, ఇదీ అతని ఉద్యోగం. మధ్యలో కత్తి దుయ్యాల్సి వచ్చిందంటే పని చెడినట్టే లెక్క.

ఈ పనికి జపాన్‌లో పేరుమోసిన ప్రాంతాలు రెండు, ఇగా, కోకా. పక్కపక్కనే, కొండల్లో ఉంటాయి. పెద్ద ప్రభువు పెత్తనం లేక, చిన్న చిన్న భూస్వామ్య కుటుంబాలే కూడబలుక్కుని పాలించుకున్న నేలలివి. 1579లో, అప్పటి జపాన్‌లో బలవంతుడైన యుద్ధప్రభువు నొబునాగా కొడుకు ఇగా మీదికి వచ్చి ఓడిపోయాడు. 1581లో తండ్రే పదుల వేల సైన్యాన్ని పంపి ఇగాను బూడిద చేశాడు. మరుసటి ఏడాది నొబునాగా చచ్చిపోయాడు. ప్రాణభయంతో సొంతూరికి పారిపోతున్న అతని మిత్రుడు ఇయెయాసు ఇగా కొండలగుండానే వెళ్లాడు. ఆ దారిలో సాయపడిన ఇగా, కోకావాళ్లకి తర్వాత అతని దగ్గర కొలువు దొరికింది. ఇయెయాసు షోగన్, అంటే దేశానికి సైనిక పాలకుడు, అయ్యాక కొన్నేళ్లకి దేశంలో యుద్ధాలు ఆగిపోయాయి. యుద్ధం లేకపోతే వేగులవాడికి పనేముంటుంది? చేతిలో ఉన్న విద్య పోతుందేమోనన్న దిగులుతోనే పుస్తకాలు పుట్టాయి.

వాటిలో పెద్దది బన్సెన్‌షూకాయి. 1676లో ఇగాకు చెందిన ఫుజిబయాషి యసుతాకే కూర్చాడు. పేరుకి అర్థం పదివేల నదులు కలిసే సముద్రం. ఇరవైకి పైగా సంపుటాలు. నక్షత్రాలు, వాతావరణం, గోడలెక్కే పనిముట్లు, తాళాలు తీసే పనిముట్లు, మందుగుండు పాళ్లు, అన్నీ ఉంటాయి. అయితే మొదలయ్యేది వీటితో కాదు, మనసు నిటారుగా ఉంచుకోవడం గురించిన అధ్యాయాలతో. ధర్మం, విశ్వాసం లేనివాడి చేతిలో ఈ విద్య దొంగతనమే అవుతుందని రచయిత గట్టిగా చెబుతాడు. తర్వాత విద్యను రెండుగా విడదీస్తాడు. నలుగురి కళ్లముందే వేషం మార్చుకుని చొరబడడం ఒకటి, చీకట్లో ఎవరికంటా పడకుండా దూరడం రెండోది.

ఈ రెండో భాగంలో నన్ను కట్టిపడేసిన చోటొకటి ఉంది. ఒక ఇంట్లోకి దూరడానికి ఏ రాత్రులు అనువైనవో ఎనిమిది చెబుతాడు. పెళ్లయిన మర్నాటి రాత్రి, జబ్బు తగ్గిన తర్వాతి రాత్రి, విందు వినోదాలు జరిగిన రాత్రి, పక్కింట్లో అగ్నిప్రమాదమో గొడవో అయిన మర్నాటి రాత్రి, ఇల్లు కట్టే పనితో అందరూ అలిసిపోయిన రాత్రి, చావు ఏడుపులు అయిన తర్వాతి రాత్రులు, గాలివాన రాత్రి, ఊరంతా కలకలంగా ఉన్న రాత్రి. పెళ్లి చేసి చూసిన తెలుగువాళ్లెవరికీ ఆ మొదటిదాని గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. అప్పగింతలయ్యాక ఇంటిల్లిపాదీ ఎక్కడివాళ్లక్కడ పడి నిద్రపోతారు, వీధి తలుపు గడియ వేశారో లేదో ఎవరికీ తెలియదు. గురకను బట్టి అది నిజం నిద్రా, దొంగ నిద్రా అని పసిగట్టడం గురించి కూడా రాశాడు.

దీని లోపం దీని పరిమాణమే. విన్నదంతా పోగేసినట్టుంటుంది. కొన్ని పనిముట్లు ఎవరైనా నిజంగా వాడారా అన్న అనుమానం వస్తుంది. నీటి మీద నడిపించే చెప్పులని ప్రచారమైన మిజుగుమో బొమ్మ కూడా ఇందులోదే. దాన్ని కాళ్లకి తొడుక్కుని చెరువులో దిగితే ఏమవుతుందో చెప్పనవసరం లేదు. ఇంకొక తమాషా, 1789లో కష్టాల్లో ఉన్న కోకావాళ్లు తమను ఆదుకోమని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుంటూ ఈ గ్రంథం ప్రతిని సమర్పించారు. ఒకరకంగా బయోడేటా అన్నమాట.

రెండో పుస్తకం షోనింకి 1681లోది. రాసింది కిషూ, అంటే ఇప్పటి వకయామా వైపు సమురాయ్, నటోరి కుటుంబంవాడు. మూడే భాగాలు. ఇగావాడు కాడు కదా అని చిన్నచూపు చూసేవాళ్లున్నారు, నేను చూడను. ఇందులో ఆయన చెప్పిన ఆరు సరుకులు చాలు: గడ్డి టోపీ, కొక్కెం తాడు, రాతి బలపం, మందులు, మూడడుగుల గుడ్డ, నిప్పు రాజేసుకునే సరంజామా. కొక్కెం తాడు తప్ప మిగతావన్నీ ఆ రోజుల్లో ఏ బాటసారి మూటలోనైనా ఉండేవే. సోదా చేసినా అనుమానం రాదు. ఏడు వేషాలూ అంతే. బుట్ట టోపీ వేణువు సన్యాసి, బౌద్ధ భిక్షువు, కొండల్లో తపస్సు చేసే యమబుషి, వర్తకుడు, గారడీవాడు, నాటకాలవాడు, చివరికి మామూలు మనిషి. మన అర్థశాస్త్రంలో కౌటిల్యుడు తాపసి వేషంలో, వర్తకుడి వేషంలో గూఢచారులను పెట్టమన్నది గుర్తొస్తుంది.

మనుషులతో మాట్లాడించే పద్ధతుల దగ్గర షోనింకి ఇంకా బాగుంటుంది. తెలియనట్టు నటించు, ఎదుటివాడే తన వాదనంతా బయటపెట్టేసుకుంటాడు, ఇదీ ఆ భాగం సారాంశం. టీకొట్టు దగ్గర రాజకీయం విన్నవాళ్లకి ఇది తెలిసిన సూత్రమే. ముఖలక్షణాలు చూసి స్వభావం చెప్పే భాగం మాత్రం నేను దాటేశాను.

వేషం ఒక్కటే చాలదని 1638లో షిమబరా ముట్టడిలో తేలింది. హరా కోటలో తిరుగుబాటుదార్లయిన క్రైస్తవులున్నారు. ముట్టడించిన ప్రభుత్వ సైన్యం తరఫున కోకా నుంచి పదిమంది షినోబీలు వెళ్లారు. కందకాల లోతు, గోడల ఎత్తు కొలిచి తెచ్చారు. ఒక రాత్రి లోపలికి దూరినవాళ్లు గోతిలో పడి, రాళ్ల దెబ్బలు తిని, చేతికందిన జెండా ఒకటి పట్టుకుని బయటపడ్డారు. కానీ లోపలివాళ్లతో కలిసిపోయి ఉండడం వాళ్లవల్ల కాలేదు. ఆ యాసా అర్థం కాలేదు, వాళ్ల ప్రార్థనలూ అంతుపట్టలేదు.

ఇక డోజో. ఎక్కువమందికి తెలిసింది బుజిన్‌కాన్, చిబా ప్రాంతంలోని నోదాలో హత్సుమి మసాకి స్థాపించినది. తొమ్మిది సంప్రదాయాలు నేర్పుతుంది, వాటిలో నింజా విద్య అని చెప్పేవి మూడే. వాటిలో ముఖ్యమైన తొగకురే వంశావళి పన్నెండో శతాబ్దం దాకా వెళ్తుందంటారు కానీ, దానికి స్వతంత్రమైన పాత ఆధారాలు లేవని చరిత్రకారుల అభ్యంతరం. పైన చెప్పిన రెండు గ్రంథాల్లో ఉత్తచేతుల పోరాటమే ఉండదు, డోజోలో మాత్రం ప్రధానంగా అదే. అలాగని తీసిపారేయను. దెబ్బ తగలకుండా పడడం, దొర్లి లేవడం నేర్చుకున్నవాడు బతికినంతకాలం బాగుపడతాడు. ఐదో దాన్, అంటే నల్ల బెల్టులో ఐదో మెట్టు, పరీక్ష చిత్రంగా ఉంటుంది. వీపు తిప్పి కూర్చుంటే వెనక నుంచి గురువు శిక్షణ కత్తితో కొడతాడు, దెబ్బ పడేలోపు పక్కకి దొర్లాలి.

నిజంగా పాత గురుపరంపరే కావాలంటే కటోరి షింతో-ర్యూ వైపు చూడాలి. పదిహేనో శతాబ్దంలో మొదలైంది. ప్రధానంగా కత్తి విద్య, వేగుల పద్ధతులు శత్రువును కనిపెట్టడానికి తెలుసుకోవాల్సిన విషయంగా మాత్రమే ఉంటాయి. నింజా అనిపించుకోవాలన్న సరదా అక్కడ తీరదు.

మావాడికి నేను చెప్పింది ఇది: షోనింకి ముందు, అది నచ్చితేనే బన్సెన్‌షూకాయి, రెండింటికీ ఇంగ్లీషు అనువాదాలున్నాయి. డోజోలో ఒంటికోసం చేరు, చరిత్రకోసం వద్దు. వాడు నా మాట సగమే విన్నాడు, నేరుగా పెద్ద పుస్తకమే పట్టుకున్నాడు. వచ్చే నెల వాళ్ల చెల్లి పెళ్లి. మొన్న అక్క ఫోన్ చేసి, "పెళ్లి మర్నాడు రాత్రి కాపలాకి తనే మెలకువగా ఉంటానంటున్నాడ్రా, వీడికేమైంది?" అని అడిగింది.