పాత జబ్బు: బీమా ఫారంలో రాయడం మేలా, దాచడం మేలా?

చిత్తూరులో మా వీధిలోనే ఈ నెల ముగ్గురు అడిగారు: "అక్కా, ఎప్పుడో తగ్గిపోయిన జబ్బును కూడా ఫారంలో రాయాల్నా?" మా అమ్మకు ఈమధ్యే ఆరోగ్య బీమా పాలసీ తీసుకున్నానని వాళ్లకు తెలుసు. ఆరేళ్ల కిందట అమ్మకు రొమ్ము కాన్సర్‌ ఆపరేషన్ వేలూరులో జరిగింది.

దాచమనేవాళ్లకూ ఒక లెక్క ఉంది. ఆపకుండా అయిదేళ్లు ప్రీమియం కడితే, మోసం రుజువైతే తప్ప, జబ్బు దాచారంటూ క్లెయిమ్ కొట్టేయకూడదు. 2024కు ముందు ఇది ఎనిమిదేళ్లు. "అయిదేళ్లు ఓపిక పట్టండి మేడమ్" అన్నాడు మా ఏజెంటు. మరి రాస్తే? పాత జబ్బుకు వెయిటింగ్, అంటే దానికి క్లెయిమ్ ఇవ్వకుండా ఆపే గడువు, మూడేళ్లకు మించకూడదని 2024లోనే నిబంధన మారింది. అంటే చెప్పినవాళ్లు మూడేళ్లు ఆగాలి, అదీ ఆ జబ్బుకే. దాచినవాళ్లు డెంగీతో చేరినా అయిదేళ్లూ భయపడాల్సిందే.

నా మనసు తేలింది మాత్రం ఈ లెక్కతో కాదు. ఆస్పత్రిలో చేరగానే డాక్టరు అడుగుతారు, "ఇంతకుముందు ఆపరేషన్ ఏమైనా అయిందా?" అని. అమ్మ చెబుతుంది. చెప్పాలి కూడా, మత్తు ఇచ్చే డాక్టరుకు అది తెలియాలి. ఆ మాట కేస్ షీటుకెక్కుతుంది, కంపెనీ తెప్పించుకునేది ఆ కాగితాన్నే. ఫారంలో దాచానంటే అమ్మ చేత డాక్టరుకూ అబద్ధం చెప్పించాలి. అది నా వల్ల కాదు.

రాసినందుకు నష్టం లేదనను. ఒక కంపెనీ వద్దంది, ఇంకొకటి ప్రీమియం పెంచి ఇచ్చింది. తగ్గిన మనిషిని ఇంకా రోగిలాగే చూడటం అన్యాయం. ఫ్రాన్సులో కాన్సర్ చికిత్స ముగిసి అయిదేళ్లయితే, అప్పుకు తీసుకునే బీమాలో ఆ సంగతి చెప్పనక్కర్లేదని 2022లో చట్టం చేశారు. ఆరోగ్య బీమాకు మనకూ అలాంటిది కావాలి. అంతదాకా, వద్దన్న కంపెనీని కారణం రాసిమ్మని అడగండి. క్లెయిమ్ కొట్టేస్తే ముందు కంపెనీకి రాసి, అక్కడ తేలకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి. 50 లక్షల రూపాయల దాకా క్లెయిముల ఫిర్యాదులు వింటారు, ఫీజు లేదు.

ఆఫీసు గ్రూపు పాలసీలో సాధారణంగా మొదటిరోజు నుంచే పాత జబ్బులకూ వర్తిస్తుంది, కానీ ఉద్యోగంతోపాటే పోతుంది. ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్యసేవకు అర్హత ఉంటే వదులుకోకండి.

అమ్మ డిశ్చార్జి సమ్మరీ నకలు ఫారానికి జతచేసి, అందినట్టు కంపెనీ నుంచి మెయిల్ తెప్పించి దాచుకున్నాను.